బ్రాడ్‌వే టవర్‌కి అమ్మానాన్నలతో: కారులో పైకి పోవాలా, ఊళ్ళోంచి నడిచి ఎక్కాలా?

రీడింగ్_రమణి
అమ్మానాన్న గుత్తి నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. లండన్ అయింది, బాత్ అయింది. జనాన్నీ షాపుల్నీ చూసి చూసి నాన్నకి విసుగొచ్చేసింది. "యాడన్నా కొండమీదికి పిల్చకపో పాపా, రోంత గాలి తగలాల" అంటున్నాడు. కాట్స్‌వోల్డ్స్ కొండల్లో ఉన్న బ్రాడ్‌వే టవర్ ఫొటో చూపించాను. "ఈ బురుజు ఎవురు కట్టిచ్చినారు, ఎవురి మింద యుద్ధానికి?" అని మొదలుపెట్టాడు. నా దగ్గర సమాధానం లేదు.

జూన్ రెండో వారంలో ఒక శనివారం అనుకుంటున్నాం. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. నాన్న డెబ్భై దాటినా బాగానే నడుస్తాడు. మా పాపకి నాలుగేళ్ళు. కారు టవర్ దాకా వెళ్తుందా? లోపలికి టికెట్ కొనడం దండగా కాదా? బోర్టన్-ఆన్-ద-వాటర్, బైబరీ, స్ట్రాట్‌ఫర్డ్ కూడా అదే రోజు చుట్టేద్దామని మా ఆయన పట్టుబడుతున్నారు. అవుతుందా?

స్లౌ_శీను
నాలుగూ ఒకే రోజా? పార్కింగులు తప్ప ఏమీ గుర్తుండవండీ.

కొండదారి
శీను గారి మాటే నాదీ. పెద్దవాళ్ళూ చిన్నపిల్లా ఉన్నప్పుడు నాలుగు ఊళ్ళ ప్లాన్ వద్దే వద్దు. బోర్టన్‌లో శనివారం మధ్యాహ్నం కారు పెట్టే చోటు దొరకడమే గొప్ప. స్ట్రాట్‌ఫర్డ్ విడిగా ఒక రోజు తినేస్తుంది. టవర్, కింద బ్రాడ్‌వే ఊరు, ఓపిక మిగిలితే పక్కనున్న చిప్పింగ్ క్యామ్డెన్. అంతే పెట్టుకోండి.

దారి సంగతి. మీరు రీడింగ్ నుంచి ఆక్స్‌ఫర్డ్ మీదుగా ఏ44 పట్టుకుంటారు. చిప్పింగ్ నార్టన్, మోర్టన్-ఇన్-మార్ష్ దాటాక ఫిష్ హిల్ వస్తుంది. ఆ ఘాట్ దిగకముందే ఎడమచేతి వైపు టవర్ బోర్డు కనిపిస్తుంది, అక్కడ తిరిగిపోండి. చాలామంది జీపీఎస్‌లో 'బ్రాడ్‌వే' అని కొట్టి ఘాటంతా దిగి ఊళ్ళోకి పోయి, మళ్ళీ ఎక్కి వస్తుంటారు. కారు దాదాపు టవర్ దగ్గరిదాకా వెళ్తుంది, పార్కింగుకి డబ్బు కట్టాలి. అక్కడి నుంచి అమ్మగారు నడవాల్సింది కొద్ది దూరమే, అదీ చదునే.

ఎక్కుడంతా ఊళ్ళోంచి వచ్చేవాళ్ళకి. హై స్ట్రీట్ నుంచి కాట్స్‌వోల్డ్ వే కాలిబాటలో పొలాల మధ్యగా మైలున్నర ఉంటుందేమో, కానీ ఏడొందల అడుగుల ఎత్తు ఎక్కిస్తుంది. మామూలుగా నడిచేవాళ్ళకి ముప్పావుగంట నుంచి గంట. మధ్యలో ఒక్కొక్కరే దూరే చెక్క గేట్లుంటాయి: ఒక అడుగు లోపలికేసి, గేటు వెనక్కి తోసి, పక్కకి జరిగి బయటపడాలి. పుష్‌చైర్ (పిల్లల తోపుడు బండి) పట్టదు. గొర్రెలు మేస్తుంటాయి కాబట్టి కింద చూసుకుని అడుగేయాలి.

నా సలహా: అమ్మగారూ పాపా మీ ఆయనతో కారులో పైకి. మీరూ నాన్నగారూ ఊళ్ళో దిగి నడిచి ఎక్కండి. గాలి కావాలన్నారుగా ఆయన!

పులిహోర_పొట్లం
గాలంటే మామూలు గాలి కాదు. మా అత్తగారి శాలువా ఎగిరిపోతే గొర్రెల మందలో వెతికి తెచ్చాం. జూన్ అయినా సరే అందరికీ జాకెట్లు పెట్టుకోండి, పాప చెవులకి టోపీ మర్చిపోవద్దు. పైన పచ్చికలో దుప్పటి పరుచుకుని తినొచ్చు. పక్కనే కేఫ్ ఉంది, టీ దొరుకుతుంది. మన పెద్దవాళ్ళకి ఆ కేకులు ఎక్కవు కనక పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్ళడమే మంచిది. పేపర్ ప్లేట్లు తీసుకెళ్ళారో పులిహోరతో సహా వూస్టర్ చేరతాయి. మూతున్న డబ్బాలు పెట్టుకోండి.

స్లౌ_శీను
ఎగిరిన పులిహోర ఏ కౌంటీలో పడిందో చూడ్డానికే టవర్ ఎక్కేది 😄

చరిత్రపిచ్చి
రమణి గారూ, మీ నాన్నగారు అడిగినదానికి జవాబు. ఆ బురుజు ఏ యుద్ధానికీ కట్టలేదు. చూడ్డానికీ, చూపించడానికీ కట్టారు. కోట ఆకారంలో ఉన్న షోకు కట్టడం అది. అప్పట్లో ఈ దేశపు జమీందార్లలో ఇలాంటివి కట్టుకునే సరదా ఉండేది.

కట్టించింది ఆరవ ఎర్ల్ ఆఫ్ కావెంట్రీ. ఆయన అసలు భవనం వూస్టర్ దగ్గర క్రూమ్ కోర్ట్, ఇక్కడికి 22 మైళ్ళు. ఈ కొండమీద కూడా వాళ్ళకి భూములున్నాయి. ఇది వెనకటి నుంచీ మంట వెలిగించి కబురు పంపే కొండ. ఇక్కడ మంట వేస్తే మా ఇంటికి కనిపిస్తుందా అని ఆయన భార్య లేడీ కావెంట్రీకి సందేహం వచ్చిందనీ, వేసి చూస్తే కనిపించిందనీ చెబుతారు. ఇక్కడొక కట్టడం ఉండాలన్న ఊహ తోటల రూపశిల్పి కేపబిలిటీ బ్రౌన్‌దంటారు. ఆయన 1783లోనే పోయాడు. నమూనా గీసింది జేమ్స్ వయాట్, కట్టడం పూర్తయింది 1798-99 ప్రాంతంలో. మధ్యలో ఆరు పలకల నడిమి కట్టడం, దాన్ని అంటుకుని మూడు గుండ్రటి బురుజులు, పైన కోట కొమ్మలు. టవర్ ఎత్తు 65 అడుగులే. కొండ మాత్రం సముద్రమట్టానికి 1,024 అడుగులు. కాట్స్‌వోల్డ్స్‌లో క్లీవ్ హిల్ తర్వాత ఇదే ఎత్తైన చోటు.

సీమబిడ్డ
65 అడుగులా? అన్నా, ఆయప్పది గుత్తి అంటాండారు. గుత్తి కోట కింద పుట్టి పెరిగినోళ్ళకి ఇది యాడ ఆనుతాది? మన కోట నేల మీంచి వెయ్యి అడుగుల దాకా లేస్తాది. కొండ కొసన మరాఠా సర్దారు మురారిరావు గద్దె కాడ నిలబడితే కింద ఊరంతా అరచేతిలో ఉన్నట్టుంటాది. హైదర్ అలీ ముట్టడి చూసిన కోట అది. ఒక్క గుండు దెబ్బ తినని షోకు బురుజుకి టికెట్ పెట్టి పెద్దాయన్ని పిల్చకపోతే నవ్వుతాడు. వేల్స్ పోండి, కోటలంటే అవీ.

చరిత్రపిచ్చి
సీమబిడ్డ గారూ, గుత్తి కోటకి నేనూ దండం పెడతాను. కానీ యుద్ధం చూసిందా లేదా అన్నదొక్కటే కొలతైతే ఎలా? ఈ టవర్ కథ కట్టడం పూర్తయ్యాకే మొదలవుతుంది. 1822లో సర్ థామస్ ఫిలిప్స్ అనే ఆయన ఇందులో అచ్చుయంత్రం పెట్టాడు. రాతప్రతులు పోగుచేయడమే ఆయన జీవితం. వేలకి వేలు, అరవై వేల దాకా పోగేశాడు, ఆస్తి హరించుకుపోయినా ఆపలేదు. కొండ కిందనే ఆయన ఎస్టేటు మిడిల్ హిల్. తర్వాతి కాలంలో విలియమ్ మోరిస్, బర్న్-జోన్స్ లాంటి కళాకారులు సెలవులకి వచ్చి ఈ టవర్‌లోనే ఉండేవారు. పాత చర్చిలని 'బాగు' చేసే పేరుతో చెక్కేసి పాడుచేస్తున్నారని మోరిస్ మండిపడి 1876లో ఉత్తరం రాసింది ఇక్కడున్నప్పుడే. మరుసటి ఏడు, 1877లో, పాత కట్టడాల రక్షణకి సంఘం పెట్టాడు. ఆ సంఘం ఇప్పటికీ పనిచేస్తోంది. నాకు ఈ ఒక్క కారణం చాలు ఆ మెట్లెక్కడానికి.

తాటివనం
ఆ ఉత్తరం మాట చదివి కడుపు రగిలింది. మా ఊరి శివాలయం పాత రాతి గుడి. జీర్ణోద్ధరణ అని స్తంభాలకి ఇసుక మిషన్ పట్టి గీకేసిన్రు, ఆ మీద ఎనామిల్ రంగు కొట్టిన్రు. చిన్నప్పుడు మేం వేలు పెట్టి తడిమిన శాసనం అక్షరాలు ఇప్పుడు చేతికి తగుల్తలేవు. అడిగితే 'కొత్తగ మెరుస్తలేదా' అన్నరు. నూటాయాభై ఏండ్ల కిందనే ఇక్కడ ఒకాయన అది తప్పని కొట్లాడిండంటే నేను పోయి చూస్త ఆ టవర్.

సీమబిడ్డ
తాటివనం అన్నా, అది మాత్రం నిజం. మా కాడ కూడా అదే కత. సరే, మోరిస్ సారు కోసం ఒక మెట్టు దిగినా. కానీ టికెట్ విషయంలో దిగను.

కొండదారి
టికెట్ మాటకొస్తే, రెండు వైపులా నిజముంది. టవర్ చుట్టూ కొండమీద తిరగడానికి టికెట్ అక్కర్లేదు, కాలిబాట పక్కనుంచే పోతుంది. పడమటి వైపు దృశ్యం ఎలాగూ టవర్ కిందనుంచే కనిపిస్తుంది: ఈవ్‌షామ్ లోయ, బ్రెడన్ హిల్, దాని వెనక మాల్వర్న్ కొండల వరస. వాతావరణం బాగుంటే ఆపైన వేల్స్ కొండలు కూడా.

ఈవ్‌షామ్_తోట
నేనుండేది ఆ లోయలోనే, కొండ కింద. కొండదారి గారు చెప్పింది సగమే. కింద నిలబడితే పడమర ఒక్కటే. పైకప్పు మీదికెక్కితే నాలుగు దిక్కులూ. 16 కౌంటీలు కనిపిస్తాయని బోర్డుల్లో రాస్తారు. ఏ కౌంటీ ఎక్కడ మొదలవుతుందో ఎవరికీ తెలీదు, అది వేరే సంగతి. పొద్దున మబ్బు కమ్మి ఉంటే తొందరపడి టికెట్ కొనొద్దు. వాన కురిసి వెలిసిన తర్వాత గాలి కడిగినట్టుంటుంది, అప్పుడెక్కండి. ఎండ బాగా కాసే రోజు మధ్యాహ్నానికి దూరం మసకబారుతుంది. పొద్దున్నే కానీ, నాలుగు దాటాక కానీ మంచిది.

లోపల లిఫ్టు లేదు. మెట్లు గుండ్రంగా తిరుగుతూ ఇరుగ్గా ఉంటాయి. లోపలి అంచు వైపు పాదం సగమే ఆనుతుంది, గోడవైపు నడవాలి. ఎదురుగా ఎవరన్నా దిగుతుంటే ఒకరు ఆగాల్సిందే. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఎక్కడం కన్నా దిగడమే నరకం. అమ్మగారిని ఎక్కించకండి. ఆవిడకి కింద కుర్చీలో కూర్చున్నా ఏమీ తక్కువ కాదు, అక్కడ ఎర్ర జింకల్ని పెంచుతారు. పాపకీ ఆవిడకీ అవి చాలు.

పులిహోర_పొట్లం
జింకలకి పులిహోర పెట్టకూడదని పాపకి ముందే చెప్పి తీసుకెళ్ళండి. మా వాడు కంచె దగ్గర గోల గోల చేశాడు.

రీడింగ్_రమణి
అందరికీ చాలా చాలా థాంక్స్. మా ఆయనకి ఈ థ్రెడ్ మొత్తం చదివి వినిపించాను. బోర్టన్, స్ట్రాట్‌ఫర్డ్ ఎగిరిపోయాయి, బైబరీ కోసం ఇంకా పోరాడుతున్నారు. నాన్నకి చరిత్రపిచ్చి గారి పోస్టు చదివితే, "జమీందారు పెండ్లాము ముచ్చటకి కట్టినాడా? అయితే సూడాల్సిందే" అన్నాడు. సీమబిడ్డ గారి పోస్టు విని మాత్రం ఛాతీ విప్పుకుని కూర్చున్నాడు. గుత్తి కోట మీదికి తన చిన్నప్పుడు ఎన్ని దారుల్లో ఎక్కేవాళ్ళో ఇందాకటి నుంచి చెబుతూనే ఉన్నాడు.

ఇంకో సందేహం. పై కప్పు మీద పిట్టగోడ ఎత్తుగా ఉంటుందా? మా పాప ఒక్క క్షణం ఊరుకోదు.

ఈవ్‌షామ్_తోట
గోడ ఉంటుంది. కానీ గాలి జోరుగా ఉన్నప్పుడు నాలుగేళ్ళ పిల్లని చెయ్యి వదలకూడదు. ఒకరు పాపతో కింద ఉండి, ఒకరి తర్వాత ఒకరు ఎక్కడమే హాయి.

చరిత్రపిచ్చి
రమణి గారూ, నాన్నగారికి ఇంకో మాట చెప్పండి. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1827లో పత్తికొండలో కలరాతో పోయినప్పుడు మొదట పూడ్చింది గుత్తిలోనే. తర్వాత 1831లో అస్థికలు మద్రాసు కోటలోని చర్చికి తరలించారు. ఆయన పుట్టింది గ్లాస్గోలో. ఈ సారి నాన్నగారి తిరుగుడు స్కాట్లాండ్ దాకా ఉంటే అది కూడా కలిపేయొచ్చు.

సీమబిడ్డ
మా జేజినాయన తరంలో మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నోళ్ళు ఉండ్రి. పెద్దాయనకి తెలిసే ఉంటాది.

రీడింగ్_రమణి
తెలుసట! మన్రోలప్ప అనే క్లాస్‌మేటే ఉన్నాడట.

బర్మింగ్‌హామ్_బాబాయ్
అందరూ పైకి ఎక్కడం గురించే మాట్లాడుతున్నారు, కిందికి దిగే సంగతి ఎవరూ ఎత్తలేదేం? టవర్‌కి కాస్త దూరంలో నేల కింద ఒక బంకర్ ఉంది. ప్రచ్ఛన్నయుద్ధం నాటిది. అణుబాంబు పడితే ఎక్కడ పడింది, ఎంత పెద్దది, విషధూళి ఎటు వస్తోంది అని కొలిచి కబురు చేయడానికి రాయల్ అబ్జర్వర్ కోర్ వాళ్ళు దేశమంతటా పదిహేను వందలకి పైగా ఇలాంటి గదులు తవ్వించారు. ముగ్గురేసి మనుషులు అందులో దిగి తలుపేసుకుని ఉండాలి. వాళ్ళు సైనికులు కూడా కాదు, చాలామంది చుట్టుపక్కల ఊళ్ళ వాలంటీర్లు. తమ ఇంట్లోవాళ్ళని పైన వదిలేసి దిగడానికి సిద్ధపడ్డవాళ్ళు. 1991లో ఆ కోర్‌ని నిలిపేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో టవర్ పైనుంచే విమానాల్ని కనిపెట్టేవాళ్ళు కూడా.

నేను మావాడితో కలిసి దిగాను. గోడకి బిగించిన ఇనుప నిచ్చెన మీద నిటారుగా దిగాలి. కింద గది మన పూజగదికి రెండింతలుంటుందేమో. రెండు పడకలు, బల్ల, కొలిచే పరికరాలు. గైడు పైన మూత వేసి చూపించాడు. మాట్లాడుతూ ఉన్న మావాడు టక్కున ఊరుకున్నాడు. రోజూ ఉండదు, సీజన్లో వారాంతాల్లో టూర్లుంటాయి, ముందు బుక్ చేసుకోవాలి. పిల్లల వయసు నిబంధన చూసుకోండి. నాలుగేళ్ళ పాపకి కుదరదు.

ఇంకోటి. టవర్ దగ్గరే 1943 జూన్‌లో కూలిపోయిన విట్లీ బాంబర్ విమానం తాలూకు స్మారకం ఉంది. శిక్షణలో ఉన్న కుర్రాళ్ళు పోయారు. చాలామంది దాటుకుంటూ పోతారు, ఒక్క నిమిషం ఆగండి.

తాటివనం
బాబాయ్, ఈ బంకర్ ముచ్చట మంచిగ చెప్పినవ్. యుద్ధం చూడని బురుజు అన్నడు మన సీమన్న. పక్కనే అంత పెద్ద యుద్ధానికి తయారైన గది ఉన్నదాయె.

సీమబిడ్డ
ఒప్పుకున్నా అన్నా, ఒప్పుకున్నా. బంకర్ కోసమైతే పోతా. టికెట్ కూడా కొంటా.

వీపుసంచి
కారు లేని స్టూడెంట్ గొంతు కూడా వినండి. ఉండేది లండన్. పాడింగ్టన్ నుంచి మోర్టన్-ఇన్-మార్ష్ కి గంటన్నర పైచిలుకు రైలు అని చూశాను. అక్కడి నుంచి? ఆవిరి రైలు బ్రాడ్‌వే దాకా వస్తుందంటున్నారు, అదెక్కొచ్చా?

కొండదారి
ఆవిరి రైలు మామూలు రైల్వేకి కలవదు తమ్ముడూ. చెల్టనమ్ రేస్‌కోర్స్ నుంచి బ్రాడ్‌వే దాకా 14 మైళ్ళు నడుస్తుంది. వాలంటీర్లు నడుపుతారు. బ్రాడ్‌వే స్టేషన్ని కొత్తగా కట్టి 2018లో తెరిచారు. ముందు చెల్టనమ్ చేరి, అక్కడి నుంచి రేస్‌కోర్స్ వెళ్ళి ఎక్కాలి. దానికదే ఒక రోజు సరదా. అది నడవని రోజులు కూడా చాలా ఉంటాయి, క్యాలెండర్ చూసుకో.

మోర్టన్ నుంచి బ్రాడ్‌వే ఎనిమిది మైళ్ళు. బస్సులు తక్కువ, ఆదివారం నమ్ముకోవద్దు. ముగ్గురు నలుగురు కలిస్తే టాక్సీ పంచుకోండి. స్టేషన్ బయట నిలబడితే దొరకవు, ముందురోజే ఫోన్ చేసి చెప్పుకోవాలి.

ఈవ్‌షామ్_తోట
మోర్టన్‌లో దిగకుండా అదే రైల్లో ఇంకాస్త ముందుకొస్తే ఈవ్‌షామ్. అక్కడి నుంచి బ్రాడ్‌వే ఆరు మైళ్ళే, టాక్సీ తక్కువవుతుంది. బ్రాడ్‌వేలో దిగి కొండెక్కు, తిరిగి దిగేటప్పుడు ఊళ్ళో టీ తాగు. కుర్రాడివి, ఇంకా ఓపికుంటే కాట్స్‌వోల్డ్ వేలోనే చిప్పింగ్ క్యామ్డెన్ దాకా నడిచేయ్. ఆ బాట అక్కడి నుంచి బాత్ దాకా 102 మైళ్ళు, నువ్వు మొదటి ముక్క మాత్రం నడిచినట్టు.

వీపుసంచి
మొత్తం నడిచిన తెలుగువాళ్ళెవరన్నా ఉన్నారా?

కొండదారి
వారం పదిరోజులు సెలవు కావాలి. మా మేనేజరు ఇస్తే నేనే మొదటివాణ్ణి.

రీడింగ్_రమణి
ఇంకొక్క ప్రశ్న, తర్వాత విసిగించను. లావెండర్ తోట దగ్గర్లోనే ఉందని ఎవరో చెప్పారు. అమ్మకి పూలంటే ప్రాణం. జూన్ రెండో వారానికి పూస్తుందా?

పులిహోర_పొట్లం
స్నోస్‌హిల్ దగ్గర తోట. టవర్ నుంచి కారులో పది నిమిషాలు. జూన్ రెండో వారం అంటే తొందరే. జూన్ నెలాఖరు నుంచి జూలై అంతా బాగుంటుంది. జూలై మొదట్లో మేం వెళ్ళినప్పుడు వరసలు వరసలుగా ఊదారంగు, తేనెటీగల రొద. అమ్మ కొంగులో పట్టుకునేంత వాసన తెచ్చుకుంది. అమ్మగారు జూలై దాకా ఉంటే మూడు వారాలు జరిపేయండి. నేనైతే జరిపేస్తాను.

ఈవ్‌షామ్_తోట
జరిపితే ఆస్పరాగస్ పోతుందండీ! మా లోయ పంట అది. ఏప్రిల్ 23న, సెయింట్ జార్జ్ రోజున మొదలుపెట్టి జూన్ 21 దాకా కోస్తారు, ఆ తర్వాత వచ్చే ఏటి కోసం మొక్కని వదిలేస్తారు. రోడ్డు పక్క చిన్న బల్లల మీద కట్టలు పెట్టి ఉంటాయి, డబ్బు డబ్బాలో వేసి తీసుకుపోవచ్చు. పొద్దున కోసినది సాయంత్రానికి వండితే ఆ రుచి సూపర్‌మార్కెట్‌లో రాదు. కందిపప్పులో వేసి, వెల్లుల్లి పోపు పెట్టండి. మా అమ్మ ములక్కాడ మానేసి ఇదే వేయమంటుంది ఇప్పుడు.

సీమబిడ్డ
ములక్కాడ మానేసిందా? ఈ మాట మాత్రం ఒప్పుకోను.

రీడింగ్_రమణి
అమ్మావాళ్ళ టికెట్ జూలై 15న. ఇంట్లో ఓటింగ్ పెట్టాం: అమ్మ లావెండర్, మా ఆయన ఆస్పరాగస్. నాన్న "యాడికైనా సరే, నడిచే పోదాం" అంటున్నాడు. జూలై మొదటి శనివారం ఖాయం చేశాం. నేనూ నాన్నా ఊళ్ళో దిగి నడుస్తాం, మిగతావాళ్ళు కారులో. టికెట్లు నాన్నకీ నాకూ మాత్రమే. బంకర్‌కి మా ఆయన విడిగా స్లాటు చూస్తున్నారు.

తాటివనం
మేం కూడా అదే శనివారం వస్తున్నం, కోవెంట్రీ నుంచి రెండు కార్లు. పైన పదకొండుకల్లా ఉంటం. గొర్రెల దగ్గర గట్టిగ తెలంగాణ యాస వినిపిస్తే మేమే.

పులిహోర_పొట్లం
అయితే మేమూ. పులిహోర నాది. పచ్చళ్ళు ఎవరు?

బర్మింగ్‌హామ్_బాబాయ్
గోంగూర నేను తెస్తా. కానీ పదకొండంటే ఆలస్యం తాటివనం, జూలై శనివారం ఆ టైముకి పార్కింగు నిండుతుంది. పదికల్లా చేరండి.